రొయ్యల ప్లాంటులో పీయూ ఫ్లోరింగ్: ఎక్కడ వేశాం, ఎక్కడ వద్దన్నాం

భీమవరం వైపు ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు. చెరువుల నుంచి వచ్చిన వనామీ రొయ్యల్ని తలలు తీసి, ఒలిచి, కొంత సరుకు ఉడికించి, గడ్డకట్టించి విదేశాలకు పంపుతారు. కట్టి మూడేళ్లు నిండలేదు, లోపల వేసిన ఆకుపచ్చ ఎపాక్సీ ఫ్లోర్, అంటే నేల మీద పోసి గట్టిపడనిచ్చే రెజిన్ పూత, సగం లేచిపోయింది. కుక్కర్ దగ్గర కాంక్రీటు బయటపడింది. పీలింగ్ హాల్లో కాలువ అంచుల వెంట పెచ్చులు, మధ్యలో అక్కడక్కడా రూపాయి బిళ్లంత బొబ్బలు. ఎక్స్‌పోర్ట్ ఇన్‌స్పెక్షన్ ఏజెన్సీ తనిఖీ దగ్గర పడుతోంది. పగిలిన గచ్చు సందుల్లో ఇరుక్కున్న పొట్టు ఎంత కడిగినా పోదు. అక్కడే సూక్ష్మజీవులు పెరుగుతాయి. అలాంటి ఫ్లోర్ చూపించి తనిఖీ గట్టెక్కడం కష్టం.

యజమాని గారు ఫోన్లో ఒకే మాట అన్నారు. "ఎపాక్సీ వద్దండీ ఇంక. మొత్తం పీయూ వేసేయండి. అడుగుకి ఎంతవుద్దో చెప్పండి."

పీయూ అంటే పాలీయురెథేన్, ఎపాక్సీ లాగే ఇంకో రెజిన్. చివరికి మొత్తం పీయూ వేయలేదు. ఎక్కడ వేశామో, ఎక్కడ వద్దన్నామో, వేసినచోట ఏం బాగుందో ఏం బాగోలేదో రాస్తున్నాను. ఫుడ్ ప్లాంట్లలో ఫ్లోరింగ్ చూసుకునే మెయింటెనెన్స్ వాళ్లకు, కొటేషన్లు పోల్చుకునే పర్చేజ్ వాళ్లకు పనికొస్తుందని.

పీయూ అంటే ఏ పీయూ?

పాలీయురెథేన్ పేరుతో మార్కెట్లో మూడు వేర్వేరు సరుకులు తిరుగుతున్నాయి. మొదటిది టాప్‌కోట్. మందం 60 నుంచి 100 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతు కూడా దాటదు. ఎపాక్సీ మీద గీతలు పడకుండా, ఎండకి పసుపెక్కకుండా పైన వేసే పొర. రెండోది సాగే గుణమున్న పీయూ. రెండు మూడు మిల్లీమీటర్ల మందంలో పోస్తే తనంతట తనే పరుచుకుంటుంది. కార్ పార్కింగ్ అంతస్తుల్లో, ఆస్పత్రుల్లో, స్కూళ్లలో వేస్తారు. కింద స్లాబులో సన్నటి నెర్రె వచ్చినా పైకి కనబడనివ్వదు, కాలికి మెత్తగా ఉంటుంది. అయితే ఇనుప టేబుల్ ఈడిస్తే గాడి పడుతుంది. మూడోది పీయూ కాంక్రీటు. పీయూ రెజిన్, సిమెంటు, సున్నం, సిలికా ఇసుక కలిపి నాలుగు నుంచి తొమ్మిది మిల్లీమీటర్ల మందంలో పరిచేది. రొయ్యల ప్లాంటులో తడి గదులకు మనం మాట్లాడుకోవాల్సింది దీని గురించే.

యజమాని గారి దగ్గర అప్పటికే రెండు కొటేషన్లు ఉన్నాయి. రెండింటిలోనూ "పీయూ ఫ్లోరింగ్" అనే ఉంది. ఒకదాని ధర రెండోదానిలో సగం కూడా లేదు. చదివి చూస్తే సగం ధరవాడు వేస్తానన్నది రెండు మిల్లీమీటర్ల ఎపాక్సీ, పైన పల్చటి పీయూ టాప్‌కోట్. అందులో అబద్ధం ఏమీ లేదు, కానీ అది లేచిపోయిన పాత ఫ్లోర్‌కి కొత్త చొక్కా తొడగడమే.

మోసపోకుండా ఉండటానికి ఒక లెక్క గుర్తుపెట్టుకుంటే చాలు. పీయూ కాంక్రీటు సాంద్రత నీటికి సుమారు రెట్టింపు. కాబట్టి చదరపు మీటరుకి ఒక్కో మిల్లీమీటరు మందానికి దాదాపు రెండు కిలోల సరుకు పడుతుంది. ఆరు మిల్లీమీటర్లు అన్నవాడు చదరపు మీటరుకి పన్నెండు కిలోలు సైటులో దింపాలి. పని మొదలయ్యే ముందు బస్తాలూ డబ్బాలూ లెక్కపెట్టుకోండి. ఆరి గట్టిపడ్డాక మందం కొలవాలంటే ఫ్లోర్‌కి చిల్లు పెట్టాలి.

పెచ్చు తిప్పి చూస్తే

కొత్తది ఏం వేయాలో తేల్చే ముందు పాతది ఎందుకు పోయిందో తేలాలి. దీనికి పెద్ద పరికరాలు అక్కర్లేదు, లేచిన పెచ్చుని తిప్పి అడుగు చూస్తే చాలా తెలుస్తుంది.

పీలింగ్ హాల్లో గోడ పక్కన లేచిన పెచ్చుల అడుగున బూడిద రంగు సిమెంటు పొడి అంటుకుని ఉంది. అంటే ఎపాక్సీ తన పని తాను చేసింది, దేన్ని పట్టుకుందో అదే బలంగా లేదు. కాంక్రీటు పోసి తాపీతో రుద్దినప్పుడు పైకి తేలే సిమెంటు పాల పొర అది. పూత వేసే ముందు దాన్ని గ్రైండ్ చేసి తీసేయాలి. పాత కాంట్రాక్టరు తీయలేదు.

హాలు మధ్యలో కథ వేరు. బొబ్బని సూదితో పొడిస్తే లోపలి నుంచి నీళ్లు చిమ్మాయి. పీహెచ్ కాగితం పెడితే ముదురు నీలంలోకి తిరిగింది, బాగా క్షారం. ఇది పైనుంచి దిగిన నీరు కాదు. ఆ ప్రాంతమంతా గోదావరి డెల్టా, చుట్టూ చెరువులు, కొన్ని అడుగులు తవ్వితే నీళ్లు. స్లాబు కింద పాలిథిన్ షీటు వేయలేదని సివిల్ వాళ్లే చెప్పారు. కింది చెమ్మ కాంక్రీటులోంచి పైకెక్కుతూ దారిలో లవణాల్ని కరిగించుకుని, పైన పూత అడ్డుపడేసరికి అక్కడ పోగవుతుంది. ఆ ఉప్పునీటి గాఢత మరింత నీటిని లాక్కుంటుంది. చివరికి పూతని పైకి తోసేంత ఒత్తిడి వస్తుంది. ఆస్మోసిస్ బొబ్బలంటే ఇవే. ఇలాంటి స్లాబు మీద ఎంత ఖరీదైన పల్చటి పూత వేసినా, అది ఎపాక్సీ అయినా పీయూ అయినా, మళ్లీ బొబ్బలే.

కుక్కర్ దగ్గర మూడో కారణం. ఉడికించిన రొయ్యల నీళ్లు దాదాపు మరిగే వేడితో నేల మీద పడతాయి. హాలంతా ఏసీలో చల్లగా ఉంటుంది. ఆ నీళ్లు వదిలిన కాసేపటికే ఐసు పలుకులూ చల్లనీళ్లూ అదే చోట పడతాయి. మామూలు ఎపాక్సీ వేడికి కాంక్రీటు కంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువగా వ్యాకోచిస్తుంది. గది ఉష్ణోగ్రతలో ఆరే ఎపాక్సీలు చాలావరకు 50, 60 డిగ్రీలు దాటితే మెత్తబడతాయి కూడా. రోజూ పదుల సార్లు సాగడం, ముడుచుకోవడం. కింద కాంక్రీటు అంత కదలదు. ఆ లాగులాటలో పూతైనా చిరగాలి, కాంక్రీటు పైపొరైనా ఊడాలి. ఇక్కడ రెండూ జరిగాయి. కొన్ని పెచ్చుల అడుగున కంకర ముక్కలే ఊడొచ్చాయి.

ఒకే ఫ్లోర్, ఒకే పూత, మూడు చోట్ల మూడు జబ్బులు. "ఎపాక్సీ చెడ్డది" అని యజమాని గారు తేల్చేసుకోవడంలో తప్పేం లేదు, డబ్బు పోయింది ఆయనది. కానీ అదే ఎపాక్సీ పై అంతస్తులో అట్టపెట్టెల స్టోరులో చెక్కుచెదరకుండా ఉంది.

పీయూ కాంక్రీటు ఎందుకు నిలబడుతుంది

పాలీయురెథేన్‌ని 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం కనిపెట్టింది. సూత్రం సులువే. హైడ్రాక్సిల్ గుంపులున్న పాలీఆల్, ఐసోసైనేట్ కలిస్తే యురెథేన్ బంధం ఏర్పడుతుంది. పీయూ కాంక్రీటులో ఆ పాలీఆల్‌గా చాలామంది తయారీదారులు వాడేది మన ఆముదం. ఆముదంలోని రిసినోలిక్ ఆమ్లానికి సహజంగానే హైడ్రాక్సిల్ గుంపు ఉంది, మామూలు వంటనూనెలకు అది లేదు. ప్రపంచంలో ఆముదం ఎక్కువగా పండేది మన దేశంలోనే, అందులోనూ గుజరాత్‌లో. మహబూబ్‌నగర్, నల్గొండ మెట్ట పొలాల్లో ఒకప్పుడు విరివిగా వేసిన పంట కూడా ఇదే.

ఐసోసైనేట్‌కి ఒక అలవాటుంది. నీళ్లు తగిలితే వాటితోనూ కలిసి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. పల్చటి పీయూ పూతలో బుడగలూ సూది రంధ్రాలూ రావడానికి కారణం అదే. పీయూ కాంక్రీటులో నీళ్లు ఎలాగూ ఉంటాయి, సిమెంటు గట్టిపడాలి కదా. అందుకే దాంట్లో సున్నం కలుపుతారు. వెలువడే వాయువుని సున్నం పీల్చేసుకుంటుంది. చెమ్మని శత్రువుగా కాక వంటలో ఒక దినుసుగా చూసే సరుకు కాబట్టి తడి స్లాబు మీద కూడా ఇది పట్టుకుంటుంది. ఎపాక్సీకి కాంక్రీటు పోసి 28 రోజులు ఆగాలి, తేమ 4 శాతం లోపు ఉండాలి అంటారు. పీయూ కాంక్రీటుని చాలా కంపెనీలు ఏడు రోజుల కాంక్రీటు మీదే వేయనిస్తాయి.

ఇసుక, సిమెంటు ఎక్కువ పాళ్లలో ఉండటంతో వేడికి సాగే తీరు కాంక్రీటుకి దగ్గరగా ఉంటుంది. అందుకే కుక్కర్ కింద లాగులాట తక్కువ. అయితే వేడి తట్టుకునే శక్తి మందాన్ని బట్టి ఉంటుంది. ఆరు మిల్లీమీటర్లకి సుమారు 80 డిగ్రీలు, తొమ్మిది మిల్లీమీటర్లకి సుమారు 120 డిగ్రీలు అని కంపెనీలు చెబుతాయి. తయారీదారుని బట్టి అంకె అటూ ఇటూ అవుతుంది కాబట్టి డేటా షీటు చూడకుండా మాట ఇవ్వకూడదు.

గదిని బట్టి సరుకు

కుక్కర్, బ్లాంచింగ్ (వేడినీళ్లలో కాసేపు ముంచడం) ఉన్న చోట, దాని కాలువ పొడవునా తొమ్మిది మిల్లీమీటర్ల పీయూ కాంక్రీటు. సరుకు దిగే చోట, పీలింగ్ హాల్లో, గ్రేడింగ్‌లో, ఐక్యూఎఫ్ (రొయ్యల్ని విడివిడిగా గడ్డకట్టించే యంత్రం) ముందు భాగంలో ఆరు మిల్లీమీటర్లు.

పై అంతస్తు ప్యాకింగ్ మెటీరియల్ స్టోరు జోలికి పోలేదు. అక్కడ కింది చెమ్మ రాదు, వేడినీళ్లు పడవు. పాత ఎపాక్సీని కాస్త రుద్ది పైన ఎలిఫాటిక్ పీయూ టాప్‌కోట్ రెండు చేతులు వేశాం. ఎలిఫాటిక్ అని నొక్కి చెప్పడానికి కారణం, కిటికీల పక్కన ఎండ పడుతుంది. ఐసోసైనేట్ ఎరోమాటిక్ రకం అయితే ఎండకి పసుపెక్కుతుంది. ఎలిఫాటిక్ ఖరీదు, కానీ రంగు నిలుస్తుంది. ఆ గదికి పీయూ కాంక్రీటు వేస్తామంటే యజమాని గారు ఒప్పుకునేవారే. బిల్లు పెరగడం తప్ప ప్రయోజనం ఉండేది కాదు.

కోల్డ్ స్టోరేజీ మాత్రం వద్దని గట్టిగా చెప్పాను. లోపల మైనస్ 20. పీయూ కాంక్రీటు ఆ చలిని తట్టుకోగలదు, కానీ ఆ చలిలో దాన్ని వేయలేం, ఆరదు. సరుకంతా ఖాళీ చేసి, గది వేడెక్కనిచ్చి, ఫ్లోర్ వేసి, మళ్లీ మెల్లగా చల్లబరచాలి. అక్కడున్న గట్టి కాంక్రీటుకి చిన్న గుంటలు తప్ప జబ్బేమీ లేదు. దానికోసం సీజన్లో స్టోరేజీ ఖాళీ చేయించడం తెలివితక్కువ పని.

ఇక ధర. ఆరు మిల్లీమీటర్ల పీయూ కాంక్రీటు, టాప్‌కోట్‌తో కలిపిన రెండు మిల్లీమీటర్ల ఎపాక్సీకి ఈ కొటేషన్‌లో రెండున్నర రెట్లు వచ్చింది. కుక్కర్ భాగం అంతకు మించింది. కాగితం చూసి యజమాని గారు ఆముదం తాగిన మొహం పెట్టారు. సరుకులో ఉన్నది అదేనని అప్పుడు చెప్పలేదు. "ఇంత పెట్టి ఎన్నాళ్లు వస్తదండీ?" అన్నారు. పదేళ్లు అని ఎవరైనా రాసిస్తే నమ్మొద్దని, సరుకు కంటే కింద స్లాబు సిద్ధం చేయడం మీదే అది ఆధారపడుతుందని, ఆ పనిలో బేరం ఆడొద్దని చెప్పాను. ఆయన అక్కడ కాక రంగు దగ్గర బేరం ఆడారు. మెరిసే నీలం కావాలన్నారు. పీయూ కాంక్రీటులో రంగులు తక్కువ, మెరుపు ఉండదు. చివరికి బూడిద రంగుకి వచ్చారు.

పని

పీయూ కాంక్రీటు వేసే గదుల్లో పాత ఎపాక్సీ గట్టిగా ఉన్నచోట కూడా పూర్తిగా తీసేశాం. గ్రైండర్‌తో మొదలుపెట్టి, తర్వాత షాట్ బ్లాస్టింగ్, అంటే సన్నటి ఇనుప గుళ్లని వేగంగా కొట్టి నేలని గరుకు చేయడం. పీయూ కాంక్రీటుకి నేల నున్నగా ఉంటే పట్టు దొరకదు, చేత్తో రాస్తే గరుకుగా తగలాలి, కంకర తలలు అక్కడక్కడా కనబడాలి. రొయ్యల ప్లాంటులో ఇంకో తలనొప్పి, కాంక్రీటులోకి ఇంకిన కొవ్వూ మాంసపు రసమూ. పైపైన గ్రైండ్ చేస్తే పోదు. డిటర్జెంటు, వేడినీళ్లతో కడిగి, ఆరాక నీటి చుక్క వేసి చూడాలి. చుక్క ముత్యంలా నిలబడితే జిడ్డు ఇంకా ఉన్నట్టు, ఇంకిపోతే సరే. కుక్కర్ దగ్గర కాంక్రీటు ఎంత లోతు తీసినా పొడి పొడిగానే వచ్చింది, గట్టి కాంక్రీటు తగిలేదాకా కొట్టి మళ్లీ పోయించాల్సి వచ్చింది. ఆ తర్వాత పుల్ ఆఫ్ పరీక్ష. ఇనుప బిళ్లని నేలకి అతికించి యంత్రంతో లాగితే కనీసం 1.5 మెగాపాస్కల్ దాకా ఊడకూడదు. దాటినచోటే సరుకు దింపాం.

గాడుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే కొటేషన్‌లో ఎవరూ రాయరు, పనిలో చాలామంది ఎగ్గొడతారు. పీయూ కాంక్రీటు ఆరేటప్పుడు ముడుచుకుంటుంది, అంచులు పైకి లేవాలని చూస్తాయి. అందుకని గోడల వెంట, కాలువల అంచుల్లో, తలుపుల దగ్గర, రోజు పని ఆపే చోట కటింగ్ మిషన్‌తో గాడి కొట్టాలి. లోతూ వెడల్పూ పొర మందానికి రెట్టింపు. ఆరు మిల్లీమీటర్ల ఫ్లోర్‌కి పన్నెండు మిల్లీమీటర్ల గాడి. సరుకు ఆ గాడిలోకి దిగి గట్టిపడితే అంచు లేవదు. ప్లాంటు మేనేజరు గారు గాడులు చూసి కంగారుపడ్డారు, "బాగున్న గచ్చుని కోసేస్తున్నారేంటండీ" అని. కాలువ అంచుల్లో పాత ఎపాక్సీ మొదట లేచింది ఎక్కడో ఆయనకే చూపించాక ఊరుకున్నారు.

వాటం సంగతి ఇంకా పెద్దది. పీలింగ్ హాల్లో రెండు చోట్ల నీళ్లు నిలుస్తున్నాయి. ఆరు మిల్లీమీటర్ల పొరతో వాటం సరిచేయలేం, అది కింద ఉన్న ఆకారాన్నే అనుసరిస్తుంది. కాలువ వైపు మీటరుకి ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల వాలు ఉండాలి. ఆ రెండు చోట్లా ముందు పీయూ మోర్టార్‌తో ఎత్తు సరిచేయాల్సి వచ్చింది. సరుకు ఖర్చు అనుకున్నదానికంటే పెరిగింది కూడా ఇక్కడే. మొదట్లో స్లాబు పోసేటప్పుడే రసమట్టం పెట్టి చూసుకుని ఉంటే ఇది ఉండేది కాదు.

తీరప్రాంతంలో గాలి తేమ నేల మీద చెమర్చడం అన్ని పూతలకీ శత్రువే. నేల ఉష్ణోగ్రత డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీళ్లుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం మూడు డిగ్రీలు ఎక్కువ ఉండాలన్నది నియమం. గాలి 32 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే డ్యూ పాయింట్ 28 దాకా ఉంటుంది. అంటే నేల 31 ఉండాలి. ఏసీ నడిచిన హాల్లో నేల ఇరవైల్లో ఉంటుంది, తలుపు తీయగానే చెమర్చుతుంది. ఏసీలు ముందు రోజే ఆపించి, నేల ఉష్ణోగ్రత కొలిచి, అప్పుడు మొదలుపెట్టించాం. మనవాళ్లు ఏసీ ఆపడానికి ఇష్టపడరు, పనివాళ్లకి ఉక్క అని. ఉక్క నిజమే. తడి పీయూ టాప్‌కోట్ మీద చెమట చుక్క పడినా అక్కడ గుంట పడుతుంది, అందుకని తలకి తువ్వాలు కట్టుకోమన్నాం.

వేసేటప్పుడు టైము చాలా తక్కువ. రెజిన్, హార్డెనర్ (గట్టిపరిచే ఐసోసైనేట్ ద్రవం), పౌడరు మూడూ మిక్సర్లో కలిపాక మన ఎండల్లో పది పదిహేను నిమిషాలే. బకెట్లో ఉంచితే ఇంకా తొందరగా బిగుస్తుంది, కలిపిన వెంటనే నేల మీద పోసేయాలి. ఒకరు కలుపుతుంటే ఒకరు పోస్తూ, మందం సరిచేసే పెట్టె లాగుతూ, వెనకాలే తాపీ. అంచు ఆరకముందే పక్క బ్యాచ్ కలవాలి. మెటీరియల్ చల్లగా ఉండాలని ఒక కుర్రాడు డబ్బాల్ని చిల్ రూములో పెడదామన్నాడు. చల్లటి డబ్బా బయటికి తెస్తే దాని మీద తేమ పడుతుంది, ఆ నీళ్లు హార్డెనర్లో పడితే డబ్బా పనికిరాదు. నీడలో పెట్టి, తెల్లవారుజామున పని చేస్తే సరిపోయింది.

పీలింగ్ హాల్లో పై పొర మీద సిలికా ఇసుక చల్లి గరుకు తెచ్చాం. ఎంత గరుకు అన్నది ఎప్పుడూ గొడవే. ఎక్కువైతే కడగడం కష్టం, తక్కువైతే గంబూట్లు జారతాయి. చిన్న నమూనా పలక వేసి, నీళ్లూ పొట్టూ పోసి, పీలింగ్ సెక్షన్ ఆడవాళ్లనే గంబూట్లతో నడిపించాం. మధ్యరకం గరుకుని వాళ్లే ఎంచారు.

ఐసోసైనేట్ అంటే భయం

డబ్బా మీద ఐసోసైనేట్ అని చూసి ప్లాంటు సేఫ్టీ ఆఫీసరు అడిగిన మొదటి ప్రశ్న, "భోపాల్‌లో లీకైంది ఇదే కదండీ?" 1984లో లీకైంది మిథైల్ ఐసోసైనేట్. అది 39 డిగ్రీలకే మరిగిపోయే ద్రవం. ఫ్లోరింగ్ హార్డెనర్లో ఉండేది ఎండీఐ అనే మరో ఐసోసైనేట్, గది ఉష్ణోగ్రతలో దాదాపు ఆవిరి కాదు. రెండూ ఒకటి కావు. అయినా దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఐసోసైనేట్లు ఊపిరితిత్తులకి అలర్జీ తెప్పించగలవు. ఒకసారి ఆ అలర్జీ వస్తే తర్వాత కొంచెం తగిలినా ఉబ్బసం వస్తుంది, ఆ మనిషి ఇక ఈ పని చేయలేడు. యూరప్‌లో 2023 ఆగస్టు నుంచి శిక్షణ లేకుండా డైఐసోసైనేట్ సరుకు వాడనివ్వడం లేదు. మన దగ్గర అలాంటి కచ్చితమైన నియమం లేకపోయినా ఉబ్బసం ఉన్నవాళ్లని కలిపే పనిలో పెట్టలేదు, నైట్రైల్ గ్లవ్స్ లేకుండా ఎవరినీ ముట్టనివ్వలేదు, స్ప్రే అసలు చేయలేదు. మిగిలిన హార్డెనర్ డబ్బాలో నీళ్లు పడితే మూత బిగించకూడదు. లోపల వాయువు పుట్టి డబ్బా ఉబ్బుతుంది, పేలొచ్చు.

మంచి సంగతి ఏంటంటే, పీయూ కాంక్రీటులో ద్రావకాలు లేవు. ఘాటు వాసన ఉండదు. ఫుడ్ ప్లాంటులో ఇది చిన్న విషయం కాదు, పెయింటు వాసన రొయ్యకి పడితే కంటైనర్ వెనక్కొస్తుంది. పక్క సెక్షన్ నడుస్తుండగానే ఈ పని చేయగలిగాం. వేసిన మర్నాటికి నడవనిచ్చాం, రెండో రోజు దాటాక ట్రాలీలు, వేడినీళ్లకీ క్లోరిన్‌కీ వారం ఆగమన్నాం.

వాడకంలో తేలినవి

ఒక పూర్తి సీజను నడిచాక మళ్లీ చూశాను. కుక్కర్ కింద ఎక్కడా లేవలేదు, ఇనుప కడ్డీతో తడితే డొల్ల శబ్దం లేదు. బొబ్బలు లేవు. కాలువ అంచులు పట్టుగా ఉన్నాయి. తనిఖీలో ఫ్లోర్ మీద అభ్యంతరం రాలేదు. జారిపడటాలు తగ్గాయని పీలింగ్ సూపర్‌వైజరమ్మ చెప్పింది.

ఇక ఫిర్యాదులు. ఇవి సరుకు అమ్మేవాళ్లు చెప్పరు.

రంగు సమానంగా లేదు. తెల్లవారుజామున వేసిన బ్యాచ్‌కీ ఎండెక్కాక వేసినదానికీ తేడా తెలుస్తుంది, తాపీ గీతలు కనబడతాయి. షోరూములో ఇది ఒప్పుకోరు, రొయ్యల ప్లాంటులో ఎవరికీ పట్టదు. సరుకు దిగే చోట షట్టర్ దగ్గర పగలంతా ఎండ పడుతుంది. అక్కడ బూడిద రంగు పసుపూ ఆకుపచ్చా కలిసిన వన్నెకి తిరిగింది. బలం తగ్గదు, చూపు తగ్గుతుంది. యజమాని గారికి అదే కంటికి నలుసైంది. అక్కడ మాత్రం ఎలిఫాటిక్ పూత ఒకటి వేశాం. ట్రాలీ చక్రాల కింద అది అరుగుతుంది, మధ్యమధ్య మళ్లీ వేయాల్సిందే.

గరుకు నేల కడగడానికి మాపు పనికిరావడం లేదు, పీచులు చిరిగిపోతున్నాయి. గట్టి బ్రష్, వైపర్, ఒత్తిడి నీళ్లు కావాల్సి వచ్చాయి. నీళ్ల ఖర్చు, మనుషుల టైము కొంచెం పెరిగాయి. క్లోరిన్ నీళ్లు వాడకం మోతాదులో ఏమీ చేయలేదు, కానీ హైపో (గాఢమైన క్లోరిన్ ద్రవం) క్యాను ఒకటి కారి రాత్రంతా నిలిచినచోట తెల్లటి మచ్చ పడింది, పోలేదు.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది ఫ్లోర్‌తో సంబంధం లేని వాళ్లు. కొత్త గ్రేడింగ్ మెషిన్ బిగించడానికి వచ్చిన ఫ్యాబ్రికేషన్ వాళ్లు ఫ్లోర్లోంచి నేరుగా స్లాబులోకి చిల్లులు వేసి బోల్టులు దింపారు, చుట్టూ ఏమీ పూడ్చలేదు. ఆ చిల్లుల్లోంచి కడిగిన నీళ్లు కిందికి దిగి, రెండు బోల్టుల చుట్టూ డొల్ల మొదలైంది. కొట్టి, గాడి తీసి, కొత్త సరుకు వేసి, బోల్టుల చుట్టూ పీయూ సీలెంటు పెట్టాం. అతుకు రంగు వేరుగా కనబడుతూనే ఉంటుంది, పీయూ కాంక్రీటులో కనబడని అతుకు ఉండదు. ఇప్పుడు ఆ ప్లాంటులో ఎవరు డ్రిల్ పట్టుకున్నా మెయింటెనెన్స్ వాళ్ల సంతకం కావాలి.

పై అంతస్తు స్టోరులో వేసిన టాప్‌కోట్ బాగానే ఉంది, చేతి ట్రాలీ ఎక్కువగా తిప్పే మలుపులో ఒక్కచోట తప్ప. అక్కడ పాత ఎపాక్సీయే బలహీనంగా ఉండి పొరతో పాటు లేచింది. డెబ్బై మైక్రాన్ల పూత కింద ఉన్నదాన్ని పట్టుకుంటుందే కానీ నిలబెట్టదు.

పక్క స్థలంలో కొత్త బ్లాకు పునాదుల్లో ఉంది. ఈసారి యజమాని గారు ఫ్లోరింగ్ కొటేషన్ కంటే ముందే పిలిచారు. స్లాబు కింద 250 మైక్రాన్ల పాలిథిన్ షీటు, అతుకులు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా టేపు వేసి. కాలువలకి వాటం స్లాబులోనే. మెషిన్ల పునాది బోల్టులు కాంక్రీటు పోసేటప్పుడే. ఈ మూడూ సివిల్ కాంట్రాక్టరు డ్రాయింగులో చేరాయి. ఏ గదికి ఏ ఫ్లోర్ అన్నది మెషిన్ల లేఅవుట్ ఖరారయ్యాక మాట్లాడుకుందామని అనుకున్నాం.